బామ్మ వేషం

సినిమా దర్శకుడు నాటకం చూడ్డానికి వచ్చి మూడో వరుసలో కూర్చున్నాడన్న కబురు తెర వెనక్కి చేరగానే ఊసరవెల్లికి చెమటలు పట్టాయి.

ఆ పేరు అతనికి జనం పెట్టింది. పగలు బట్టల కొట్టులో గుమాస్తా. సాయంత్రమైతే ఏ వేషమంటే ఆ వేషం. ఈ హాస్యనాటకంలో కాపలావాడు, లాయరు, డాక్టరు, బామ్మ అన్నీ అతనే. బామ్మ మాటలన్నీ సొంత తల్లి దగ్గర ఎత్తుకొచ్చినవి. ఇంట్లో అతను వల్లె వేస్తుంటే ఆవిడ వంటింట్లోంచే, "నా తిట్లు నాకే అప్పజెప్తున్నావేంట్రా, అదీ తప్పులతడకగా," అని విసుక్కునేది.

ఆ రోజు ఆవిడా వచ్చింది. వేషాలు మార్పించే కోడలికి సాయంగా తెర వెనకే కూర్చుంది.

"సినిమాలోకి తీసుకుంటాడంటావా?" అన్నాడు ఊసరవెల్లి భార్యతో.

"ముందు కదలకుండా నిలబడండి. గుండీ పెట్టనివ్వండి."

"తీసుకున్నాడా, రేపే కొట్టుకి ఓ దణ్ణం పెట్టేస్తా."

తెర లేచింది. కాపలావాడు నిలబడే గురక పెడుతుంటే హాలు పగలబడి నవ్వింది. లాయరు తన కక్షిదారుకే శిక్ష వేయమని వాదిస్తే ఈలలు పడ్డాయి. డాక్టరు రోగి చెయ్యి వదిలేసి తన నాడి చూసుకుని దడుసుకుంటే దర్శకుడు కళ్ళు తుడుచుకున్నాడు.

చివర్లో బామ్మ వచ్చింది. దీపాల వెలుగుకు కళ్ళు చికిలించింది. చెప్పాల్సిన మాట మరిచిపోయి కాసేపు అలాగే నిలబడింది. తర్వాత ముందు వరుసలో వాళ్ళ మీదికి తిరిగి, "గుడ్లప్పగించి చూస్తారేంట్రా, ఇళ్ళూ వాకిళ్ళూ లేవా మీకు?" అని కడిగిపారేసింది. అక్కడక్కడా నవ్వులు. ఆ తిట్లతోనే తెర పడింది.

దర్శకుడు తెర వెనక్కి వచ్చేసరికి ఊసరవెల్లి మొహానికి తువ్వాలు అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

"కాపలావాడు భేష్. లాయరు భేష్. డాక్టరు సంగతి చెప్పక్కర్లేదు. నా సినిమాలో నీకు మంచి వేషం ఉంది," అన్నాడు దర్శకుడు. "ఆ బామ్మే అతకలేదయ్యా. నడకలో అతి, గొంతులో అతి. మా ఇంట్లో ఇద్దరు ముసలమ్మలున్నారు, ఒక్కరూ అలా ఉండరు. ముసలమ్మ ఎలా ఉంటుందో కాస్త చూసి నేర్చుకో."

భార్య పెదవి కొరుక్కుంది. తల్లి మొహం తిప్పేసుకుంది. ఊసరవెల్లి ఒకసారి తల్లి వైపు, ఒకసారి దర్శకుడి వైపు చూశాడు. "చిత్తం, దిద్దుకుంటానండీ," అన్నాడు తువ్వాలు వెనక నుంచే.

ఆ సినిమాతో అతని దశ తిరిగింది. ఒక సినిమాలో దొంగయితే మరోదాంట్లో పోలీసు. ఇందులో కోటీశ్వరుడైతే అందులో వాడి వంటవాడు. ఎంత పేరొచ్చినా నాటకం వదల్లేదు. షూటింగుల మధ్య కాస్త సందు దొరికితే స్టేజీ ఎక్కేసేవాడు. ముసలమ్మ వేషానికి మాత్రం ఎవరెంత బతిమాలినా ఒప్పుకోలేదు.

"అది నా వల్ల కాదు. చేయగలవాళ్ళు వేరే ఉన్నారు," అనేవాడు.

జుట్టు నెరిశాక అతనికి పెద్ద సన్మానం జరిగింది. ఆ దర్శకుడే చేతికర్ర ఊతంతో వచ్చి మైకు అందుకున్నాడు.

"ఈయన నటన మీకు తెలుసు. వినయం నాకు తెలుసు. ఆ రోజు బామ్మ వేషం కుదరలేదని మొహం మీదే అనేశాను. ఇంకొకడైతే అలిగేవాడు. ఈయన మళ్ళీ దాని జోలికి పోతే ఒట్టు."

హాలంతా చప్పట్లు. ఊసరవెల్లి తల వంచుకుని నవ్వు ఆపుకున్నాడు.

ముందు వరుసలో, పళ్ళన్నీ ఊడిపోయిన తల్లి కోడలి చెవి దగ్గరికి వంగి, "అతికించిన మీసం ఊడిరాక ఆ రోజు వాడు నన్ను స్టేజీ మీదికి తోస్తే వెళ్ళాను గానీ, నిజం చెప్పవే అమ్మాయ్, నేను బామ్మలా లేనా?" అని అడిగింది.