చెడ్డ కబురు చెప్పే ఉద్యోగం

ఈ ఉద్యోగం కూడా రాకపోతే అక్క ఇంటి గడప మళ్ళీ ఎలా తొక్కాలో మాటకారికి తెలియడం లేదు.

ఆ పేరు బావ పెట్టింది. కమ్యూనికేషన్‌లో పీజీ చేస్తానన్నప్పుడు, "మాట్లాడటానికి కూడా కాలేజీకెళ్ళి చదవాలా?" అని పడీ పడీ నవ్వాడు. ఇప్పుడు నవ్వడం మానేశాడు. అదే ఎక్కువ భయంగా ఉంది. వాళ్ళమ్మ వస్తోందనీ, గది ఖాళీ చేయాల్సి ఉంటుందనీ నిన్న అక్క చేత చెప్పించాడు. అక్క దుప్పట్లు మడత పెడుతూ ఆ ముక్క చెప్పింది. చెల్లెలి మొహం మాత్రం చూడలేదు.

పత్రికల వాళ్ళు అనుభవం లేదన్నారు. ప్రకటనల కంపెనీ వాళ్ళు చదువు ఎక్కువైందన్నారు. ఇక మిగిలింది ఈ ఆసుపత్రి ఒక్కటే. ఇక్కడ రోగుల బంధువులకు విషయం విడమరిచి చెప్పే మనిషి కావాలట. డాక్టర్లకు కత్తి ఆడినంత సాఫీగా నాలుక ఆడదనీ, అడిగిందానికి ముక్తసరిగా జవాబు చెప్పి గొడవలు తెచ్చుకుంటున్నారనీ సూపరింటెండెంటే ఒప్పుకున్నాడు.

ప్రశ్నల గండం ఎలాగో గట్టెక్కింది. ఆఖరి పరీక్ష ఏమిటో ఆయన వివరించాడు. భర్తకు గుండె ఆపరేషన్. మధ్యలోనే చనిపోయాడు. భార్య కారిడార్ చివరి గదిలో కూర్చుని ఉంటుంది. వెళ్ళి ఆ కబురు చెప్పాలి.

"భార్యగా చేసేది నాటకాల్లో వేషాలు వేసే ఆవిడ. మేమెవరమూ ఆ గదిలోకి రాం. మార్కులు వేసేది కూడా ఆవిడే" అన్నాడు.

మాటకారికి ప్రాణం లేచొచ్చింది. ఆమెకిది కొట్టిన పిండి. కాలేజీలో ఇలాంటి నటులను పిలిపించి వారం వారం సాధన చేయించేవారు. ఒకాయన కుర్చీ ఎత్తి కొట్టబోయాడు. ఒకావిడైతే నిజంగానే రక్కింది.

రోగుల బంధువులు కూర్చునే హాల్లో కుర్చీలు చాలక జనం గోడలకు ఆనుకుని నిలబడ్డారు. వాళ్ళను తప్పించుకుంటూ చివరి గదికి వెళ్ళింది. లోపల నడివయసు ఆవిడ ఒక్కతే ఉంది. ఒళ్ళో మడత పెట్టిన మగవాళ్ళ చొక్కా, దాని మీద కళ్ళజోడు. అబ్బో, సరంజామాతో సహా దిగిందే అనుకుంది మాటకారి.

పాఠం ప్రకారం కుర్చీ దగ్గరగా లాక్కుంది. ముందు మనిషెవరో తెలుసుకోవాలి.

"గుండె ఆపరేషన్‌కి తీసుకెళ్ళింది మీ వారినేనా అండీ?"

"అవునమ్మా. అయిపోయిందా?"

మాటకారి గొంతు తగ్గించింది. వెళ్ళిపోయారు, దక్కలేదు లాంటి డొంకతిరుగుడు మాటలు వాడకూడదు. వినేవాళ్ళు వాటి సందుల్లో ఆశ వెతుక్కుంటారు.

"మీకు చాలా బాధ కలిగించే విషయం చెప్పాలి. ఆపరేషన్ మధ్యలో మీ వారు చనిపోయారు."

ఆవిడ ఏడవలేదు. వింతగా చూసింది.

"ఇప్పుడే కదమ్మా తీసుకెళ్ళారు? కళ్ళజోడు నా చేతిలో పెట్టి, ఈసారైనా దానిమీద కూర్చోకు అన్నారు. ఇంకెవరి సంగతో అయ్యుంటుంది. ఒక్కసారి కనుక్కోండి."

కొత్తవాళ్ళు తడబడేది సరిగ్గా ఇక్కడే. వినేవాళ్ళు ముందు నమ్మరు. ఆ మాట పట్టుకుని కనుక్కొస్తానని లేచారా, మార్కులన్నీ గంగలో కలిసినట్టే. మాటకారి లేవలేదు.

"కనుక్కునే వచ్చానండీ. ఆయన చనిపోయారు."

అప్పుడు ఆవిడ చొక్కాను మొహానికి అదుముకుంది. చప్పుడు లేదు. భుజాలు మాత్రం అదిరాయి. ఏం నటన అనుకుంటూనే మాటకారి కళ్ళు తుడుచుకుంది. ఓదార్పులు గుప్పించలేదు. ఆవిడ చేయి పట్టుకుని, వదలకుండా కూర్చుంది.

కాసేపటికి ఆవిడ ఫోన్ తీసింది. కూతురు హాస్టల్లో ఉందనీ, తనకు నోరు పెగలడం లేదనీ, నువ్వే చెప్పు తల్లీ అనీ బతిమాలింది. ఫోన్‌లో చెప్పడం కూడా పరీక్షలో ఉందన్నమాట. ఆ పాఠమూ వచ్చు. పక్కన ఎవరైనా ఉన్నారేమో అడిగింది, ముందు కూర్చోమంది, నిదానంగా చెప్పింది. అవతలి పిల్ల, అమ్మ ఎలా ఉందని మాత్రం అడిగింది. ఆ గొంతు ఎవరిదోగానీ, ఆ నటనకు మాటకారి మనసులోనే దండం పెట్టింది.

లేచి వస్తుంటే ఆవిడ చేయి పట్టుకుని ఆపింది.

"ఇంత నెమ్మదిగా చెప్పావు. నీకు పుణ్యం ఉంటుందమ్మా."

అంతకన్నా మార్కులేం కావాలి? మాటకారి కారిడార్లో తేలిపోతూ నడిచింది. ఇన్నాళ్ళకు ఆకలి కూడా తెలిసింది. దారిలోనే అక్కకు, ఉద్యోగం వచ్చినట్టేనని మెసేజ్ పెట్టింది.

సూపరింటెండెంట్ ఎవరితోనో ఫోన్‌లో ఉన్నాడు. కూర్చోమని సైగ చేశాడు. మాటకారి కూర్చుని, బావ మొహం ఎలా ఉంటుందో ఊహించుకుంటూ తనలో తనే నవ్వుకుంది.

అంతలో తలుపు తోసుకుని రొప్పుతూ వచ్చిన ఒకావిడ, వేషం కోసం చెదరగొట్టుకున్న జుట్టును తడుముకుంటూ, "క్షమించండి సార్, దారిలో ఇరుక్కుపోయాను, ఆ భార్య వేషం నాదే, ఏ గదిలో కూర్చోమంటారు?" అంది.