కంప్లి సిపాయి బూట్లు

దసరా సెలవుల్లో ఒకరోజు భర్త హనుమంత బండి మీద బళ్లారి చూడ్డానికి వచ్చింది నేత్రావతి. సాయంత్రం కంటోన్మెంట్‌లోని పాత సైనిక మ్యూజియం గడప దగ్గర అలవాటుగా చెప్పులు విడిచింది. చచ్చిపోయినవాళ్ల వస్తువుల మధ్యకు చెప్పులతో పోవడానికి మనసొప్పలేదు.

"ఈడ ఇడ్సద్దమ్మా, ఏసుకొనే పో," అన్నాడు కావలి ముసలాయన హంపయ్య. "యా ఊరు మీది?"

"కంప్లి."

ఆమె చెప్పులు గడప దగ్గరే వదిలి భర్తతో లోపలికి నడిచింది. మూసే వేళయిందని హంపయ్య ఒక్కో దీపమే ఆర్పుకుంటూ వాళ్ల వెనకాలే నడిచాడు.

చివరి గదిలో ఒక అద్దాల పెట్టె ఉంది. 'కంప్లి సిపాయి బూట్లు. యుద్ధం నుంచి మనిషి ఇల్లు చేరలేదు' అని రాసుంది. పెట్టెకు తాళం వేసే ఉంది. లోపల మాత్రం దుమ్ములో రెండు బూట్ల అచ్చులు తప్ప ఏమీ లేదు.

బయటికి వచ్చేసరికి గడప దగ్గర ఆమె చెప్పులు లేవు. వాటి చోట పాత బూట్లు పొందిగ్గా విడిచి ఉన్నాయి.

హంపయ్య వాటిని ముట్టుకోలేదు. "ఇంట్లో ఎవరుండారమ్మా?"

"మా అత్త, పాప."

"బిరీన పోండప్పా," అన్నాడు హనుమంతతో.

దారి పొడుగునా అత్త ఫోన్ ఎత్తలేదు. కంప్లి చేరేసరికి చీకటి పడింది. నేత్రావతి బండి దిగి ఒట్టికాళ్లతో పరుగెత్తింది.

ఇంటి గడప బయట ఆమె చెప్పులున్నాయి, ఎర్రటి దుమ్ము కొట్టుకుని. తలుపు లోపలినుంచి గడియ పెట్టి ఉంది.

లోపల పాప ఎవరినో ముద్దుగా అడుగుతోంది.

"ఇంగ యాడికీ పోవా, మామా?"