పంపకానికి లొంగని బండలు

“నేనేం జెయ్యాలె ఇంద్రమ్మా? నేనిస్తనంటున్న, లెక్కనే వద్దంటుంది!” పంచాయితీ ముందు చేతులు చాపాడు చంద్రశేఖర్.

ఇంద్రమ్మ అతని తమ్ముడి భార్య. భర్త పోయాక, తాండూరు గని దగ్గర పేర్చిన ఉమ్మడి బండల్లో తన సగం అడుగుతోంది. వానొస్తే ఆమె కొట్టంలో పొయ్యి కూడా మునుగుతుంది. బండలొస్తే ఇల్లు కప్పుకుంటుంది.

అడ్డమల్లా తాతగారి కట్టుబాటు. పంపకంలో ఒక్క బండ కూడా మిగలకూడదు. పంచాయితీ కూర్చున్నాక కుప్పలోంచి బండ తీయకూడదు, పగలగొట్టకూడదు. పగిలితే వంశం పగులుతుందట! సమంగా తెగకపోతే కుప్పంతా ఇంటి పెద్దవాడిదే. ఆ పెద్దవాడు చంద్రశేఖరే, పాపం.

పైగా పట్నంలో లెక్కలు చదివొచ్చాడు. నయా పైసలొచ్చిన ఆ ఏడు ఊరంతా అణాల లెక్క కుదరక తికమకపడుతుంటే, ఆయనకు మాత్రం ఉన్నట్టుండి భక్తి పుట్టింది. పంచాయితీ కూర్చోకముందే పదివేల బండల్లో ఇరవై ఏడు గుడికి దానమిచ్చాడు. ఇరవై ఏడే ఎందుకని దేవుడు కూడా అడగలేదు.

“మిగిలినయి తొమ్మిదివేల తొమ్మిదివందల డెబ్బైమూడు. ఇద్దరికి పంచితే ఒకటి మిగులుతది. ముగ్గురికి పంచినా గంతే. ఐదుగురికీ తెగదు, ఏడుగురికీ తెగదు!”

“మరి దేనితోని తెగుతది?” అడిగాడు పెద్దమనిషి బీరన్న.

“దీన్ని ప్రధాన సంఖ్య అంటరు బీరన్నా. ఒకటితోని తెగుతది, మల్ల తనతోని తను తెగుతది. గంతే! ఒకటంటే నేనే గద.” చంద్రశేఖర్ మీసం దువ్వుకున్నాడు.

“మాట మీదుంటవా బావా?” అంది ఇంద్రమ్మ.

“లెక్క మీద ఒట్టు!”

ఇంద్రమ్మ కొంగు బిగించి బీరన్న వైపు తిరిగింది. “అయితే తనతోని తననే తెంపుండ్రి. ఎన్ని బండలో గంత మంది, మనిషికొకటి. తాండూర్ల చాలకుంటే బషీరాబాద్ కెల్లి పిలుస్తం. ఒక్కటి మిగలదు, ఒక్కటి పగలదు.”

“పిచ్చిగిన లేసిందా? నీకూ ఒక్కటే వస్తది!”

“ఇప్పుడు గదీ లేదు గద బావా.”

బీరన్న కాసేపు గడ్డం గోక్కున్నాడు. “కట్టుబాటుకు సరిపోతది. డప్పు కొట్టియ్యుండ్రి.”

అసలే అంగడి రోజు. డప్పు మోగడమే ఆలస్యం, జనం తలగుడ్డలు చుట్టుకుని బండలు మోయడానికి ఎగబడి వచ్చారు. దానం రుచి మరిగిన పూజారి అందరికంటే ముందున్నాడు.

చంద్రశేఖర్ ఒక్క ఉదుటున సమ్మెట అందుకుని, పైనున్న బండను తానే ముక్కలు చేశాడు.

“అరెరె, ఒకటి పగిలింది! ఇగ సరిసగం తెగుతయి, జల్ది పంచు బీరన్నా!”