రెండో చేతిరాత

"ఎవడే వీడు?" తిరువూరు బస్టాండు దగ్గర కూతురు అద్దెకు తెచ్చుకున్న నవలని ఆమె ముందు పడేశాడు దశరథరామయ్య.

చదివిన కథ మీద తనకేమనిపించిందో పేజీ అంచున పెన్సిల్‌తో రాయడం ఇంటర్ చదివే హేమలతకి అలవాటు. 'ఈవిడ ఎప్పుడో ఆ ఇల్లు విడిచి పోవాల్సింది' అని రాసింది. దాని కిందే ఇంకెవరిదో వంకర రాత: 'నేనూ పోదామనుకున్నా. ధైర్యం చాలలేదు.'

"నిజంగా తెలీదు నాన్నా!"

"లేచిపోవడానికి ముహూర్తం కూడా పెట్టుకున్నారా? రేపట్నించి కాలేజీ మానెయ్!"

తల్లి హనుమాయమ్మ చేతులు తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"పిల్లనేమీ అనకండి. అది కాలేజీకెళ్లాక ఆ పుస్తకాలు నేనూ చదువుతుంటా. ఆ రాత నాదే."

ఇరవయ్యేళ్ల కాపురంలో భార్య చేతిరాత చూడటం అతనికదే మొదలు.

పుస్తకం తీసి ఆ మాటలు మళ్లీ చదివాడు. 'ఎప్పుడు?' అని అడగడానికి అతనికీ ధైర్యం చాలలేదు.