ఎడమ బొటనవేలు

"ఆ కీబోర్డును అందరి ఫోన్లలోనూ ఆపేయాలండీ," అన్నాడు ఒసాకా నుంచి వచ్చిన ఫోన్ల కంపెనీ లాయరు నగాతా, చాప మీద మోకాళ్లు మడిచి కూర్చుంటూ. "బొటనవేలు జరిపి అక్షరం ఎంచుకునే పద్ధతికి పేటెంటు మా కంపెనీది."

"మీ ఫోన్లలో ఆ పద్ధతి లేదు కదా?" అన్నాడు షింగో.

"లేదు. పెట్టే ఉద్దేశమూ లేదు."

"మరి పేటెంటు దేనికండీ?"

"ఇంకొకరు పెట్టకుండా."

"నేను సొంతంగా రాసుకున్నాను. ఊరికే పంచుతున్నాను. కోడు కూడా దాచలేదు."

"ఊరికే పంచినా పేటెంటు పేటెంటేనండీ."

షింగో పక్కనున్న భార్య సాయో వైపు చూశాడు. పక్షవాతంతో ఆమెకు మాట, కుడిచేయి పడిపోయాయి. ఎడమ బొటనవేలు ఒక్కదానితో టైపు చేసేలా ఆ కీబోర్డు ప్రోగ్రాము రాశాడు. ఆమె టైపు చేసినదాన్ని ఫోను చదివి వినిపిస్తుంది.

"మా ఆవిడ సంగతి?"

"ఇంట్లో వాడుకోమనండి. దానికి మాకు అభ్యంతరం లేదు."

షింగో మనసు తేలికపడింది. "అయితే ఇవాళే ఆపేస్తాను. కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక నాకు లేదు."

సాయో వేలు కదిలింది. మగవాళ్లిద్దరూ ఆగారు. ఫోను ఏ భావమూ లేని గొంతుతో చదివింది.

"ఏమండీ, నాలాంటి వాళ్లందరూ దీంతోనే మాట్లాడుతున్నారు. వాళ్లకు లేకుండా పోతే నేనెవరితో మాట్లాడాలి? మీ ఒక్కరితోనేనా?"

ఇన్నాళ్లూ అది ఆమె ఒక్కదాని కోసమే రాశానని అనుకున్నాడు షింగో.

"ఆపనండీ," అన్నాడు చివరికి.

"కేసు వేస్తాం. మీరు ఓడిపోతారు," అన్నాడు నగాతా మర్యాదగా.

"తెలుసండీ. ఓడిపోయేదాకా వాళ్లు మాట్లాడుకుంటారు."