ఇనుము కంటే గట్టిది

కావోషియుంగ్ రేవు పట్టణంలోని పడవల కార్ఖానాలో కార్బన్ ఫైబర్ విహారనౌక తయారైంది. పదహారేళ్లుగా అక్కడ ఫైబర్ పొరలు అతికిస్తున్న షియుచిన్ దాని అడుగును నాణెంతో తడుతూ, చప్పుడు వింటూ వచ్చి ఒకచోట ఆగింది.

"ఇక్కడ లోపల గాలి నిలిచిపోయింది సార్. కోసి మళ్లీ అతకాలి."

"పరీక్ష చేసిన మిషన్ బాగుందనే చెప్పింది. నీ చెవి దానికంటే గొప్పదా అక్కా?" యజమాని హుంగ్ నవ్వేసి రంగు వేయించేశాడు.

"అయితే మొదటిసారి సముద్రంలోకి మీరే తీసుకెళ్లండి."

"ఎందుకు వెళ్లను? ఇది ఇనుము కంటే గట్టిది."

మర్నాడు నౌక కొన్న పెద్దమనిషి రేవుకు వచ్చాడు. హుంగ్ ఒకదానిమీద ఒకటి రెండు లైఫ్ జాకెట్లు బిగించుకుని, నౌక గట్టిదనం గురించి అరగంటసేపు చెమటలు కక్కుతూ చెప్పాడు.

పెద్దమనిషి అంతా ఓపిగ్గా విని, పక్కనే నాణెం పట్టుకుని నిలబడ్డ షియుచిన్ వైపు తిరిగాడు.

"నువ్వు చెప్పమ్మా. లోపం ఎక్కడుంది?"