ఎక్కడ పుట్టిందో

"మీరు పేగులకి కొలనోస్కోపీ టెస్ట్ చేయించుకున్నారా?"

బిరియానీ వడ్డిస్తున్న ప్రిస్సిల్లా చేతిలో గరిటె ఆగిపోయింది.

అమెరికాలోని నేపర్‌విల్ తెలుగు చర్చిలో ఆరాధన ముగిసి అందరూ పళ్లేలతో వరసలో నిలబడి ఉన్నారు. అడిగినావిడ కొత్త మనిషి. పేరు కృష్ణకుమారి. నుదుట బొట్టు. కళ్లు పచ్చగా ఉన్నాయి.

"తిండి దగ్గర అడిగే మాటేనా అండీ ఇది?" అంది ప్రిస్సిల్లా.

ఆవిడ అటు వెళ్లగానే, పక్కన వడ్డిస్తున్న ఫెబీ ప్రిస్సిల్లా చెవిలో గొణిగింది. "లివర్ క్యాన్సరంట అక్కా. ఊరికే వస్తుందా? తాగుతుందేమో!"

మరుసటి ఆదివారం కృష్ణకుమారి పార్కింగ్ లాట్‌లో, మంచులో, ప్రిస్సిల్లా కారు దగ్గరే కాచుకుని ఉంది.

"మీ నాన్నగారు దేంతో పోయారమ్మా?"

ప్రిస్సిల్లాకి ఒళ్లు మండింది. "లివర్ క్యాన్సర్‌తో. ఆయన సంఘ పెద్ద. చుక్క ముట్టి ఎరగరు."

"నేనూ ఎరగను. నాది లివర్‌లో పుట్టలేదమ్మా. పేగులో పుట్టి అక్కడికి పాకింది. లివర్‌లో బయటపడినా అది పేగు క్యాన్సరే. ఆయనదీ అంతేనేమో! ఎక్కడ పుట్టిందో అప్పుడెవరు చూశారు? ఇది కొన్ని కుటుంబాల్లో తల్లిదండ్రుల నుంచి పిల్లలకి దిగుతుంది. ఒక్కసారి టెస్ట్ బుక్ చెయ్యి."

"మా నాన్న సంగతి మీకెందుకు? ఇంకెప్పుడూ నా దగ్గరికి రాకండి."

"రాను. చేయించుకుంటానని మాటివ్వు."

ప్రిస్సిల్లా కారెక్కి స్టార్ట్ చేసింది. ఆవిడ కారు అద్దం మీద పెట్టిన చెయ్యి తియ్యలేదు.

"సరే, చేయించుకుంటాను! తప్పుకోండి!"

తప్పుకుంది. మళ్లీ చర్చిలో కనిపించలేదు.

మాటిచ్చినందుకో, లోపల పట్టుకున్న భయానికో ప్రిస్సిల్లా టెస్ట్‌కి వెళ్లింది. పేగులో చిన్న కణితి దొరికింది. అక్కడికక్కడే తీసేశారు.

"వదిలేసి ఉంటే క్యాన్సర్ అయ్యేదే" అన్నాడు డాక్టర్.

ప్రిస్సిల్లా ఫెబీని ఆవిడ అడ్రస్ అడిగి, ఆ ఇంటికి వెళ్లి బెల్ కొట్టింది. తలుపు తీసింది కృష్ణకుమారి కూతురు తార.

"అమ్మ లాస్ట్ వీక్ చనిపోయింది."

ప్రిస్సిల్లా గుమ్మంలోనే ఉండిపోయింది. "నేను ప్రిస్సిల్లాని. నేను ఏమవుతానని ఆవిడ నాకోసం అంత తిరిగారు?"

"తాతయ్య కూడా దీంతోనే పోయారు. అమ్మ బేబీగా ఉన్నప్పుడే ఆయన బాప్తిస్మం తీసుకుని, అమ్మమ్మని వదిలేసి, వేరే మ్యారేజ్ చేసుకున్నారు. మీ దగ్గర ఆయన పేరు పాడవుతుందని అమ్మ చెప్పలేదు."

తార తలుపు పూర్తిగా తెరిచింది.

"మీరొస్తే ఆంటీ అనొద్దంది అమ్మ. లోపలికి రండి, పిన్నీ."